ఆరొందల గుర్రాలు ఏం లాగుతాయి

మా చోడవరం వైపు ట్రాక్టరు గొప్పతనాన్ని బానెట్ మీద రాసిన నంబరు చూసి చెప్పరు. ఆ సీజన్లో అది ఎన్నిసార్లు జోడు కట్టించుకుందో లెక్కపెట్టి చెబుతారు. చెరుకు నరికి ట్రాలీకి ఎత్తాక తోటలో తడి ఆరకపోతే బండి కూరుకుపోతుంది. అప్పుడు ఇంకో ట్రాక్టరు తెచ్చి, ముందు గొలుసు వేసి, రెండూ కలిసి లాగుతాయి. దాన్నే జోడు అంటారు. సాయానికి వచ్చినవాడు అక్కడ ఏమీ అనడు. సాయంత్రానికి మాత్రం ఫ్యాక్టరీ కాటా దగ్గర వరసలో ఉన్న డ్రైవర్లందరికీ సంగతి తెలిసిపోతుంది. "ఏటి బాబూ, ఇయ్యాల నీ బండికి పెళ్ళి సేసేవంట" అని టీ తాగుతూ ఏడిపిస్తారు. ఆ సీజన్ అయ్యేదాకా వదలరు.

మా బండి నలభై అయిదు గుర్రాలది, అంటే నలభై అయిదు హార్స్‌పవర్. మా అమ్మ నడిపిన తొమ్మిది సీజన్లలో దానికి జోడు కట్టింది రెండే రెండుసార్లు. ఆ రెండూ కూడా తుఫాను వెళ్ళిన వారంలోనే. నేను గొప్పలు పోతున్నానని ఎవరికైనా అనిపిస్తే బుచ్చయ్యపేట దారిలో ఏ డ్రైవరునైనా ఆపి అడగొచ్చు. గొప్పలు పోతున్న మాట కూడా నిజమే.

అవును, నడిపేది మా అమ్మే. నాన్నకి నడుములో డిస్కు జారి, ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక ఇద్దరు ముగ్గురు డ్రైవర్లని పెట్టాం. ఒకడు ఇంజనాయిలు చూసుకోడు, ఒకడు వారానికి మూడు రోజులే వస్తాడు. ఆఖరివాడు సీజన్ మధ్యలో, ట్రాలీ నిండా చెరుకు ఉండగా, తాళం చెవి మా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. కోసిన చెరుకు ఎండితే బరువు పోతుంది. అమ్మ కొంగు నడుముకి బిగించి బండి ఎక్కింది. నాన్న కుర్చీలో కూర్చుని అరుస్తూ నేర్పాడు. ఆయన అరుపులకి వీధి వీధంతా గేర్లు వెయ్యడం నేర్చుకుందని ఇప్పటికీ అంటుంటారు. నెల తిరక్కుండా అమ్మ కాటా దగ్గర వరసలో నిలబడింది. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత తమ బండి కూరుకుపోతే అమ్మని జోడుకి పిలిచారు.

ఇక నా సంగతి. డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో ఒక షోరూంలో చేరాను. విదేశీ కంపెనీవాళ్ళ స్పోర్ట్స్ కార్లు అమ్మే చోటు. కంపెనీ పేరు ఎందుకులెండి, రోడ్డు మీద ఆ కారు పోతుంటే ఆటోవాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు. నేను రిసెప్షన్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి నవ్వుతూ నమస్కారం పెట్టి, కాఫీయా టీయా అని అడగాలి. కార్ల దగ్గర నిలబడి వాటి సంగతులు వివరించేవాళ్ళు వేరే ఉన్నారు. నాకు ఆ పని కావాలి. చేరిన మొదటి రోజే కావాలనిపించింది. ఇంజిను శబ్దం వింటూ పెరిగినదాన్ని కాఫీ కప్పుల దగ్గర కూర్చోబెడితే ఎలా ఉంటుంది?

మా మేనేజరుకి నా మాట తీరు మీద అనుమానం. కోపం వచ్చినప్పుడు నా నోట్లోంచి "సూడండి" అని జారుతుంది. కోపమా, నా ముక్కు మీదే ఉంటుంది. అందుకని చేరిన కొత్తలో మాట అంతా కడిగి ఆరేసుకున్నట్టు మాట్లాడేదాన్ని. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, మీ అమ్మగారేం చేస్తారని ఎవరో అడిగితే, "ఇంట్లోనే ఉంటారు" అన్నాను. ఎవరూ నన్ను అలా అనమని బలవంతపెట్టలేదు. ఊళ్ళో అమ్మ గురించి రొమ్ము విరుచుకుని చెప్పే నేను, ఆ తళతళలాడే నేల మీద అంత మాట ఆడాను. దానికి నాకిప్పటికీ సిగ్గే.

రెండేళ్ళకి అవకాశం వచ్చింది. వివరించే పనికి ఏడాదికి ఒక్కసారే పరీక్ష పెడతారు. హైదరాబాదు నుంచి ఒక అధికారి వస్తాడు. అయిదు కార్లని వరసగా పెడతారు. మనం ఒక అతిథిని తెచ్చుకోవాలి. ఆ అయిదు ఇంజిన్లకీ శక్తిలో తేడా ఏమిటో, ఒకదానికన్నా ఒకటి ఎందుకు ఎక్కువో ఆ అతిథికి అర్థమయ్యేలా చెప్పాలి. తర్వాత అధికారి మనల్ని ఏమీ అడగడు, అతిథిని అడుగుతాడు. అతిథి చెప్పిన జవాబులే మన మార్కులు. నియమం ఒక్కటే. ఆ అతిథికి బండ్లతో ఎలాంటి పనీ ఉండకూడదు. పరీక్ష తప్పామంటే మళ్ళీ ఏడాది దాకా కాఫీయా టీయా.

చార్టు ఇంటికి తెచ్చుకుని బట్టీ పట్టాను. పైకప్పు లేని చిన్న కారు మూడు వందల గుర్రాలు. వెనకాల ఇంజిను ఉండే పేరున్న కారు నాలుగు వందలకి కాస్త తక్కువ. అదే ఆకారంలో వచ్చే పెద్ద కారు ఆరు వందల యాభై, వరసలో అన్నిటికన్నా పైది అదే. పొడుగ్గా నాలుగు తలుపులతో ఉండేది కరెంటు బండి, అయిదు వందలు. కుటుంబమంతా ఎక్కే ఎత్తు బండి మూడు వందల యాభై. వీటిని రోజూ ఉదయం బస్సులో సీటు దొరికినా దొరక్కపోయినా జపం చేసేదాన్ని.

ఒక ఆదివారం ఇంట్లో అమ్మకి అప్పజెప్పాను. సీజన్ అయిపోయిన ఎండాకాలం. అమ్మ గ్రీజు గన్నుతో బండి కింద కూర్చుని ఉంది. తాతకి దగ్గులు నేర్పుతున్నానని నాకు తెలుసు, కానీ ఎవరో ఒకరు వినాలి కదా. అంతా విని అమ్మ బండి కింద నుంచే అడిగింది.

"అయితే ఆ ఆరొందల యాభై గుర్రాలూ ఏటి లాగుతాయే?"

"ఇద్దరు మనుషుల్ని."

"ఇద్దరినా?"

"వెనకాల ఇద్దరు సిన్నపిల్లలు కూడా పడతారు."

అమ్మ బయటికి జరిగి వచ్చి నా మొహం చూసింది. నవ్వాపుకోవడం ఆవిడకి చేతకాదు. "ఓలమ్మో. నా బండి నలభై అయిదుతోటి ఏడు టన్నుల సెరుకు లాగుతాది. మరి అన్ని గుర్రాలూ ఎక్కడికెల్లిపోతన్నాయే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. స్పోర్ట్స్ కారుకీ ట్రాక్టరుకీ పోలికేమిటని, అది వంద వేగం మూడు సెకన్లలో అందుకుంటుందని, నీకు తెలియదని అరిచాను. అమ్మ గ్రీజు చేతులు పాతగుడ్డకి తుడుచుకుంటూ, "తెలీకే కదే అడుగుతన్నాను. నువ్ సెప్పు" అంది. చెప్పలేకపోయాను. అన్ని అంకెలు నోటికి వచ్చు గానీ, ఆ గుర్రాలు ఎక్కడికి పోతున్నాయో నాకు నిజంగా తెలియదు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని.

అమ్మ నన్ను పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుంది. పొలానికి తోలాల్సిన గెత్తం ఎరువు ట్రాలీ నిండా ఉంది. మా తోట గట్టు మీదికి ఎక్కే చోట నిటారుగా ఉంటుంది. అమ్మ అన్నిటికన్నా చిన్న గేరు వేసింది. బండి నత్తనడకన, కానీ ఎక్కడా ఆగకుండా పైకి ఎక్కింది. మళ్ళీ కిందికి దింపి, ఈసారి పెద్ద గేరు వేసి వదిలింది. సగం ఎక్కేసరికి ఇంజిను గజగజలాడి ఆగిపోయింది.

"సూసేవా? ఇంజినొక్కటే. గుర్రాలూ అవే," అంది బ్రేకు మీద కాలు తియ్యకుండా. "నెమ్మదిగా ఎల్లనిస్తే బరువు లాగుతాయి. బేగి ఎల్లమంటే బరువొగ్గేస్తాయి. బరువూ కావాల, జోరూ కావాలంటేనే మరిన్ని గుర్రాలెట్టాల. ఇద్దరు మనుషులకి బరువేటుంది సెప్పు? అక్కడ ఇంకేదో లాగుతాంది ఆ బండి. అదేటో నువ్ కనుక్కో."

మా అమ్మ ఏడో తరగతి. నాకు మూడేళ్ళ డిగ్రీలో ఒక్కరూ ఇంత సూటిగా ఏదీ చెప్పలేదు. ఆ గట్టు మీద మడ్‌గార్డు పట్టుకుని కూర్చుని, ఈవిడ నా తల్లి అని ఎంత పొంగిపోయానో మాటల్లో పెట్టలేను. పైకి మాత్రం మొహం ముడుచుకునే ఉన్నాను.

ఆ ఇంకేదో ఏమిటో నాకు మర్నాడు బస్సులో సబ్బవరం దాటాక దొరికింది. కిటికీ పక్కన సీటు దొరికి, చెయ్యి బయట పెట్టాను. బస్సు నెమ్మదిగా ఉన్నప్పుడు గాలి అరచేతిని నిమురుతున్నట్టుంది. ఖాళీ రోడ్డు మీద జోరు పెరిగేసరికి చేతిని వెనక్కి విరిచేస్తోంది. జోరు కొంచెం పెరిగితే తోపు చాలా పెరుగుతోంది. మరి ఆ పెద్ద కారు మూడు వందల వేగం మీద పోతుంటే దాని ముందు ఎంత గాలి నిలబడి ఉంటుంది? అది లాగేది మనుషుల్ని కాదు, గాలిని తోసుకుంటూ పోతోంది. అంత పెద్దగా నవ్వానేమో, కండక్టరు వచ్చి, "చెయ్యి లోపలెట్టమ్మా, నవ్వడానికేటుంది అందులో" అని కసిరాడు.

అప్పటి నుంచి బట్టీ మానేశాను. ఏ కారు ఏ పనికి, ఏ జోరుకి పుట్టిందో చెబుతూ పోతే అంకెలు వాటంతట అవే వచ్చి వరసలో నిలబడ్డాయి. ఈసారి పాసవుతానని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

అతిథిగా మా పిన్నిని తీసుకెళ్ళి ఉండాల్సింది. మాడుగులలో ఉంటుంది, సైకిలు కూడా తొక్కదు. కానీ నేను అమ్మని తీసుకెళ్ళాను. నియమం తెలిసే తీసుకెళ్ళాను. బండ్లంటే కార్లు కానీ ట్రాక్టర్లు కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ కార్ల మధ్య నిలబడి నేను మాట్లాడుతుంటే అమ్మ చూడాలి. అంతే. బస్సు దిగాక మాత్రం మెల్లిగా అన్నాను, "అమ్మా, నువ్వేటి సేస్తావని అడిగితే ఇంటి పనే అని సెప్పు." అమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, "అలాగేనే" అంది. ఎందుకని అడగలేదు.

పరీక్షలో నేను బాగా చెప్పాను. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అయిదు కార్ల వెంట నడుస్తూ, ఇది మలుపులకి, ఇది దూరానికి, ఇది గాలికి అని చెబుతుంటే మేనేజరు చేతులు కట్టుకుని తల ఊపుతున్నాడు. కరెంటు బండి దగ్గర అమ్మ, "ఇంజినే లేందానికి గుర్రాలెలా లెక్కెట్టేరే?" అని అడిగింది. చక్రం తిరిగే బలాన్ని కొలుస్తారని చెప్పాను. అమ్మ పెళ్ళిళ్ళకి కట్టుకునే చీరలో ఉంది. అయినా ప్రతి కారు దగ్గరా వంగి ముందు టైర్లు, తర్వాత బండి కడుపు చూస్తోంది. రంగు వైపు చూడనే లేదు.

హైదరాబాదు అధికారి కళ్ళజోడు సర్దుకుని అమ్మని అడిగాడు. "మీ అమ్మాయి చెప్పింది విన్నారు కదమ్మా. ఈ అయిదింటిలో ఇంజిను వరసలో అన్నిటికన్నా పైన ఉండేది ఏది?"

అమ్మ తిన్నగా నడిచింది. ఆరొందల యాభై గుర్రాల కారు పక్క నుంచే వెళ్ళి, ఎత్తు బండి మీద చెయ్యి వేసింది. మూడొందల యాభైది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు.

"ఇది అడుగు నుంచి రెండోదమ్మా," అన్నాడు అధికారి. "అమ్మాయి అంకెలు చెప్పింది కదా?"

"సెప్పింది బాబూ. దీనికి మూడొందల యాభై, దానికి ఆరొందల యాభై. అన్నీ గుర్తున్నాయి నాకు. నంబరు సూసి బండిని పైనెట్టకూడదు కదా మరి? దాని కడుపు సూడండి, గట్టుకి తగిలిపోద్ది. దాన్ని జోరుకి కట్టేరు. ఆ గుర్రాలన్నీ గాలిని తోయడానికే సరిపోతాయంట, ఇదిగో ఈ మా గుంటే సెప్పింది. దాన్ని బురదలో లోడుకి కడితే క్లచ్చు కాలిపోద్ది. ఇదయితే ఎత్తుంది, నాలుగు సెక్రాలూ పట్టుకుంటాయి. కూరుకుపోయిన బండికి గొలుసేసి లాగాలంటే నాను దీన్నే పిలుస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత ఇంకా చాలా అడిగాడు. చిన్న కారు ఎందుకు చురుగ్గా ఉంటుంది, కరెంటు బండి కదిలిన మొదటి క్షణంలోనే ఎందుకంత తోస్తుంది. నేను చెప్పినవన్నీ అమ్మ తన మాటల్లో పెట్టి తిరిగి చెప్పింది. గేర్ల సంగతి అయితే నేను చెప్పినదానికన్నా బాగా చెప్పింది. ఆయన మొహంలో సంతోషం కనబడుతూనే ఉంది. పెన్ను మూత పెట్టబోతూ ఆగి అడిగాడు.

"ఇంతకీ మీరేం చేస్తుంటారమ్మా?"

అమ్మ నా వైపు చూడలేదు. "ఇంటి పనే బాబూ. వంటా అదీను" అంది తేలిగ్గా. అంటూ రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది. స్టీరింగు పట్టి కాయలు కాసిన చేతులు, ఎంత రుద్దినా గోళ్ళ చివర గ్రీజు నలుపు పోని చేతులు. కాటా దగ్గర అంతమంది మగవాళ్ళ మధ్య ఏనాడూ దాచుకోని చేతుల్ని అమ్మ నా కోసం దాచుకుంది.

నాకు కోపం వచ్చింది. జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. అది నా మీదే.

"కాదు సార్," అన్నాను. "అబద్దం. నానే సెప్పమన్నాను. మా అమ్మ ట్రాక్టర్ డ్రైవరు. ఏడు సీజన్ల నుంచి సెరుకు తోలుతాంది. మా వేపు ఏ డ్రైవరూ మా అమ్మంత బాగా తోలడు. నాకు గుర్రాలంటే ఏటో నేర్పింది కూడా ఆవిడే. ఈ షోరూంలో ఎవురూ నేర్పలేదు."

కడిగి ఆరేసిన మాట అంతా ఎక్కడికి పోయిందో తెలియదు. మేనేజరు నా వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని అమ్మకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత నాతో, "మార్కులు చూస్తే మీరు పాసయ్యేవారు. కానీ నియమం మీకు తెలుసు. ఈ పరీక్ష చెల్లదు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కాగితం మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాడు.

మిగతాది కూడా చెప్పేస్తాను. ఇంకో ఏడాది కాఫీయా టీయా అని అడిగాను. మరుసటి ఏడు మాడుగుల పిన్నిని తీసుకెళ్ళాను. పిన్ని అన్నిటికన్నా పైది ఆరొందల యాభైదే అని బుద్ధిగా చెప్పి నన్ను పాస్ చేయించింది. ఆ జవాబుకి మార్కులు వెయ్యడం మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. ఇవాళ ఆ షోరూంలో కార్ల దగ్గర నిలబడి వివరించేది నేనే.

కానీ పరీక్ష పోయిన రోజు మేము చోడవరం బస్సెక్కినప్పుడు ఇదేమీ తెలియదు. పెందుర్తి వచ్చేదాకా అమ్మ తిడుతూనే ఉంది. "నోరు మూసుకుంటే పోయేది కదే. సేతికొచ్చిందాన్ని ఒగ్గేసేవు. నాను సెప్పేసేను కదా ఇంటి పనే అని. నీకెందుకే మద్దెలో?" తిట్టి తిట్టి అలిసిపోయి కిటికీ వైపు తిరిగింది. బస్సు సబ్బవరం దాటింది. మొహం ఇటు తిప్పకుండానే అడిగింది.

"ఆలందరి ముందూ ఏటన్నావే? సరిగ్గా ఇనబడలేదు నాకు."

వినబడిందని నాకు తెలుసు. పక్కనే నిలబడి ఉంది.

"మా అమ్మ ట్రాక్టర్ డ్రైవరన్నాను."

"ఆ తర్వాత?"

"మా వేపు ఏ డ్రైవరూ మా అమ్మంత బాగా తోలడన్నాను."

బస్సు ఇంజిను మోతలో నా మాట మునిగిపోయింది. అమ్మ ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, అక్కడ కొంగు కింద దాచుకున్న చేతులు రెండూ ఇప్పుడు ముందు సీటు కడ్డీ మీద ఉన్నాయి.

"గట్టిగా సెప్పు," అంది.

బస్సంతా తిరిగి చూసేలా చెప్పాను.